సౌండు తెగుతోందని స్పీకర్ని తిట్టకండి

గాజువాక,
విశాఖపట్నం.

చిన్నోడా, బుజ్జీ,

ఆశీస్సులు. గేమ్ ఆడుతుంటే లాప్‌టాప్‌లో సౌండు మధ్యమధ్యలో తెగిపోతోందనీ, ఒక్కోసారి టకటకమని పగులుతోందనీ మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పారు. మీ నాన్నేమో కొత్త హెడ్‌సెట్ కొనేద్దామంటున్నాడు. రిపేరు షాపతను ఫార్మాట్ కొట్టేస్తే పోతుందన్నాడట. ఏ జబ్బుకైనా ఫార్మాటే మందనే వాళ్లంటే నాకు మొదట్నించీ గురి లేదు. డబ్బూ ఖర్చుపెట్టొద్దు, డేటా కూడా చెరుపుకోవద్దు. ఫోన్లో చెబితే సగం వింటారు, సగం గేమ్ చూస్తుంటారు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ సౌండు ఎలా వస్తుందో చూడండి. లాప్‌టాప్ మామూలుగా సెకనుకి 48,000 చిన్న చిన్న విలువలను సౌండ్ చిప్‌కి పంపుతుంది. వాటిని శాంపిల్స్ అంటారు. విండోస్ వాటిని ఒక్కొక్కటిగా పంపదు. సాధారణంగా 10 మిల్లీసెకన్లకి సరిపడా, అంటే 480 శాంపిల్స్, ఒక విడతగా నింపి ఉంచుతుంది. ఆ నింపే చోటే బఫర్. మన మేడ మీద వాటర్ ట్యాంకు లాంటిది. కింద మోటారు కాసేపు ఆగినా ట్యాంకులో నీళ్లున్నంతసేపు కొళాయి వస్తూనే ఉంటుంది. ట్యాంకు అడుగంటిందంటే కొళాయిలోంచి గాలి తుస్సుమంటుంది. మీకు వినిపించే టకటక ఆ గాలే. ఈ ట్యాంకు సెకనులో వందో వంతులో ఖాళీ అయిపోతుంది, అదీ చిక్కు. పోనీ ట్యాంకు పెద్దది చేద్దామంటే, గేమ్‌లో తుపాకీ పేలాక కాసేపటికి చప్పుడొస్తుంది. అది మీరే ఒప్పుకోరు.

బొమ్మలో సెకనుకి 60 ఫ్రేముల్లో ఒకటి పోతే కన్ను చాలాసార్లు సర్దుకుపోతుంది. చెవి ఊరుకోదు, వెంటనే పట్టేస్తుంది.

చిన్నోడు టాస్క్ మేనేజర్ చూసి, ‘తాతయ్యా, ప్రాసెసర్ 30 శాతమే వాడుతోంది, ర్యామ్ బోలెడు ఖాళీ ఉంది’ అన్నాడు. నిజమే గానీ అది సగటు లెక్కరా. సౌండుకి ఎంత బలం మిగిలిందని కాదు, టైముకి పని అయిందా లేదా అన్నదే లెక్క. వైఫై కార్డు, గ్రాఫిక్స్ చిప్, బ్యాటరీ సర్క్యూట్ లాంటివి పిలిచినప్పుడల్లా ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి పలకాలి. ఆ పిలుపుని ఇంటరప్ట్ అంటారు. అప్పటికప్పుడు ఒక్క ముక్కలో జవాబు చెప్పి, మిగతా పనిని డీపీసీ అనే వరసలో పెడుతుంది. ఆ వరసలో ఉన్న పని నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్‌లోని ఆ కోర్ (పని చేసే ఒక్కో భాగాన్ని కోర్ అంటారు) మీద మామూలు ప్రోగ్రాములేవీ నడవవు. బఫర్ నింపే ప్రోగ్రాము కూడా అందులోదే. ఒక డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదని డ్రైవర్లు, అంటే ఒక్కో పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు, రాసేవాళ్లకి మైక్రోసాఫ్ట్ సూచన. అంటే మన 10 మిల్లీసెకన్లలో వందో వంతు. మంచి డ్రైవర్ ఆ లోపు పని ముగించుకుని తప్పుకుంటుంది. పాడు డ్రైవర్ మిల్లీసెకన్ల కొద్దీ కదలదు. ఈలోగా ట్యాంకు ఖాళీ.

నేను స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసినవాణ్ణి. ఎక్కడ తెగిందో తేల్చకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లని దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. మీరూ ముందు అదే తేల్చండి. హార్డ్ డిస్క్‌లో ఉన్న పాటొకటి పెట్టి లాప్‌టాప్ స్పీకర్లలో వినండి, తర్వాత వైరున్న ఇయర్‌ఫోన్‌లో వినండి. రెండింట్లోనూ బాగుండి బ్లూటూత్‌లో మాత్రమే తెగుతుంటే లాప్‌టాప్‌ని ఇప్పుడే అనుమానించక్కర్లేదు. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. మీ అపార్ట్‌మెంట్లో వైఫైలన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. మీ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడండి. వైర్‌లెస్ హెడ్‌సెట్ డాంగిల్ (దానితో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క) పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ గుచ్చితే దాని రొద కూడా ఆ 2.4 మీదే పడుతుంది. ఈ సంగతి ఇంటెల్ వాళ్లే 2012లో కాగితం రాసి మరీ చెప్పారు. డాంగిల్‌ని ఇంకో వైపు పోర్టులో పెట్టండి. ఇక స్నేహితులతో మాట్లాడేటప్పుడు వాళ్ల గొంతు మాత్రమే ముక్కలైతే అది నెట్ గొడవ. ఛార్జర్ పెట్టినప్పుడే బుర్రుమని ఆగకుండా మోగితే మీ ఇంటి ఎర్తింగ్ చూపించమని నాన్నకి చెప్పండి.

అన్నింట్లోనూ తెగుతోందా? అయితే ఏ డ్రైవర్ ఎంతసేపు కదలకుండా కూర్చుందో చూపించే లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాము దించుకోండి. ఇంట్లో వాడుకోవడానికి ఉచితమే. తయారుచేసిన రెస్‌ప్లెండెన్స్ వాళ్ల సైట్ నుంచే దించండి, ఎక్కడపడితే అక్కడ వద్దు. దాన్ని నడిపించి, పాట పెట్టి, సౌండు తెగేదాకా ఆగండి. మొదటి పేజీలో వచ్చే ఎర్ర అక్షరాలు చూసి టెన్షన్ పడొద్దు. డ్రైవర్స్ పేజీకి వెళ్లి, ఎక్కువసేపు పట్టిన డ్రైవర్ పైకి వచ్చేలా వరస మార్చండి.

అక్కడ కనిపించే పేరు అనుమానితుడిదే, దొంగ వేరే ఉండొచ్చు. ఎన్‌డీఐఎస్ పైన ఉంటే నెట్‌వర్క్ వైపు చూడాలి. డివైస్ మేనేజర్లో వైఫైని డిసేబుల్ చేసి అదే పాట మళ్లీ వినండి. తెగడం ఆగిపోతే వైఫై డ్రైవర్ మార్చాలి. ఈమధ్యే అప్‌డేట్ అయ్యుంటే పాతదానికి వెనక్కి వెళ్లాలి. ఎన్‌వీఎల్‌డీడీఎమ్‌కేఎమ్ అన్న నోరు తిరగని పేరు కనిపిస్తే అది ఎన్‌విడియా గ్రాఫిక్స్. గేమింగ్ లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి, కరెంటు ఆదా కోసం పెద్దది నిద్రపోతూ లేస్తూ ఉంటుంది, ఆ లేచేటప్పుడే తంటా. దాని కంట్రోల్ ప్యానెల్లో పవర్ మేనేజ్‌మెంట్‌ని గరిష్ఠ పనితీరుకి పెట్టి చూడండి. ఏసీపీఐ అని వస్తే బ్యాటరీ, పవర్ సంగతి. డివైస్ మేనేజర్లో బ్యాటరీస్ కింద కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అని ఉంటుంది, ఛార్జర్ పెట్టి ఉంచి దాన్ని కాసేపు డిసేబుల్ చేసి వినండి. అప్పుడు బ్యాటరీ శాతం కనపడదు. పరీక్ష అయ్యాక మళ్లీ ఎనేబుల్ చేయడం మర్చిపోవద్దు, బుజ్జీ, ఇది నీ డ్యూటీ. వాడు మర్చిపోతాడు.

రంగురంగుల లైట్లకీ, ఫ్యాన్లకీ కంపెనీ ఇచ్చే ప్రోగ్రాములు, సౌండుకి మెరుగులు దిద్దుతామనే ప్రోగ్రాములు కూడా ఆపి చూడండి. కీబోర్డు కింద ఇంద్రధనుస్సు దేనికో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆట మొదలెట్టిన అరగంట తర్వాతే తెగుతోందంటే మాత్రం వేడి సంగతి చూడాలి. వేడెక్కితే ప్రాసెసర్ తనకు తానే వేగం తగ్గించుకుంటుంది. మన ఊళ్లో దుమ్ము పొడిగా ఉండదు. సముద్రం తేమకి తడిసి, ఫ్యాన్ వెనక సన్నని రేకుల మధ్య బూడిదరంగు గుడ్డపీలికలా అట్టకడుతుంది. బయటినుంచి ఊదితే కదలదు. వెనక మూత విప్పించి, పొడి బ్రష్‌తో తీయించాలి. పరుపు మీద పెట్టి ఆడటం మానండి.

ఏదీ కుదరకపోతే బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచి లాప్‌టాప్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాము. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న కొన్ని కంప్యూటర్లు ఉండుండి ఒక్క క్షణం బిగుసుకుపోయేవి, సౌండుతో సహా. దానికి ఎఫ్‌టీపీఎమ్ అనే భద్రతా ఏర్పాటు కారణమని 2022 మార్చిలో కంపెనీయే చెప్పి, బయోస్ అప్‌డేట్‌తో సరిచేసింది. విండోస్ ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అలాంటిది పోదు. బయోస్‌ని మీ మోడల్ పేరు చూసుకుని కంపెనీ సైట్ నుంచే తీసుకోవాలి. మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, లేకపోతే తర్వాత లాప్‌టాప్ తెరుచుకోకుండా మొరాయించొచ్చు. బ్యాటరీ నిండుగా, ఛార్జర్ పెట్టి ఉండాలి. గాలివాన రోజు అసలు ముట్టుకోవద్దు. ఈ ఒక్క పని నాన్న పక్కనుండగా చేయండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మార్చింది నోట్‌బుక్‌లో రాయండి, పాట మళ్లీ వినండి, గుణం లేకపోతే పాత స్థితికి తెచ్చాకే తర్వాతది. ఒకే క్లిక్కుతో డ్రైవర్లన్నీ మార్చేస్తామనే ప్రోగ్రాములు, రిజిస్ట్రీ మార్చమనే వీడియోలు మన ఇంటికి వద్దు.

లేటెన్సీమాన్ డ్రైవర్స్ పేజీ ఫొటో తీసి ఈ ఆదివారం వాట్సాప్‌లో పెట్టండి. మొదటి పేజీది కాదు, డ్రైవర్స్ పేజీది. లాప్‌టాప్ మోడల్ నంబరు కూడా రాయండి, అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది.

మీ
తాతయ్య