ఊక చెరగని గిటార్

మా మేనల్లుడు హైదరాబాద్‌లో పై అంతస్తు పోర్షన్‌లో అద్దెకుంటాడు. కింద ఓనర్లు. రాత్రి పదింటికి ఆఫీసు నుంచి వచ్చి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే, శబ్దం పెంచే ఆంప్లిఫయర్ (ఆంప్) పెట్టే వీల్లేదు, హెడ్‌ఫోన్ తప్ప దిక్కులేదు. మొన్న ఫోన్ చేశాడు. "మామయ్యా, ఆంప్‌లో పెడితే పులిలా ఉండే గిటార్ హెడ్‌ఫోన్‌లో చెవిలో కందిరీగ దూరినట్టుంటోంది. ఇంకాస్త మంచి హెడ్‌ఫోన్ కొనమంటావా?" వద్దురా అన్నాను. హెడ్‌ఫోన్ చెడ్డది కాదు, గిటార్‌కి అది మరీ మంచిది. అదే గొడవ.

ఏ వైరు ఎందులో గుచ్చాలో చెప్పే వీడియోలు కోకొల్లలు, అది వదిలేస్తున్నాను. నాకు ముచ్చటైన సంగతి ఒక్కటే: స్పీకర్.

గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్ మనం పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. 12 అంగుళాల కాగితపు కోన్, వెనక చుట్ట, అయస్కాంతం, అంతే. కీచు స్వరాలు పలికించే ట్వీటర్ ఉండదు. బాగా పేరున్న సెలెషన్ జి12ఎం స్పీకర్ పలికే హద్దు 75 నుంచి 5,000 హెర్ట్జ్ (సెకనుకి అన్ని ఊపులు) అని తయారీదారే రాసుకుంటాడు. మన చెవి, మన హెడ్‌ఫోన్ 20,000 దాకా వెళ్తాయి. పాటలు వినడానికి ఇలాంటి స్పీకర్ కొన్నవాడు సాయంత్రానికల్లా షాపుకి తిరిగిచ్చేస్తాడు. గిటార్ వాళ్ళు మాత్రం దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. ఎందుకో తెలియాలంటే వడ్లు దంచాలి.

వడ్లు రోట్లో పోసి రోకటితో దంచితే బియ్యమొక్కటే రాదు, ఊకా తవుడూ కూడా వస్తాయి. తర్వాత చేటలో పోసి చెరిగితే ఊక ఎగిరిపోయి గింజ మిగులుతుంది. గిటార్‌లో డిస్టార్షన్ అంటే దంచడమే. తీగ నుంచి వచ్చే తరంగం నున్నగా లేచి పడుతుంటుంది. డిస్టార్షన్ దాని నెత్తినీ పాదాన్నీ నరికి చదును చేస్తుంది. అలా నరికినప్పుడల్లా కొత్త స్వరాలు పుడతాయి. మొదటి తీగ మీద అయిదో మెట్టు నొక్కితే 440 హెర్ట్జ్. లెక్క సులువుగా ఉండాలని దాన్నొక నున్నని తరంగం అనుకుందాం. పూర్తిగా చదును చేస్తే 3 రెట్లు, 5 రెట్లు, 7 రెట్లు, ఇలా బేసి అనుస్వరాలన్నీ పుట్టుకొస్తాయి. మూడోదాని ఎత్తు మూడోవంతు, అయిదోదానిది అయిదోవంతు. 11వది 4,840 హెర్ట్జ్. 13వది 5,720. 45వది 19,800.

ఇప్పుడు చేట తీయండి. గిటార్ స్పీకర్ హద్దు 5,000 కదా. అసలు స్వరంతో కలిపి 1, 3, 5, 7, 9, 11, మొత్తం ఆరు లోపల పడ్డాయి. ఇవి గింజలు. 13 నుంచి 45 దాకా పదిహేడు బయట పడ్డాయి. అదంతా ఊక. ఒక్కో ఊకపొట్టు బరువు తక్కువే, కానీ పదిహేడూ కలిసి చెవిలో గుచ్చుకుంటాయి. రెండు తీగలు ఒకేసారి మీటితే వాటి మొత్తాలు, తేడాలు కూడా పుడతాయి. అవి ఏ స్వరానికీ చుట్టాలు కావు. నేరుగా హెడ్‌ఫోన్‌లో పెట్టినవాడు ఆ ఊకంతా కలిపి వండుకు తింటున్నాడన్నమాట. ఎంత మంచి హెడ్‌ఫోన్ కొంటే ఊక అంత స్పష్టంగా వినిపిస్తుంది!

ఇక్కడ వరస ముఖ్యం. చెరిగి దంచితే ఏం లాభం? దంచినాకే కదా ఊక పుట్టేది. మా వాడు గిటార్ మీదున్న టోన్ నాబ్ తిప్పి చూశాడట. కంఠం బొంగురుపోయింది గానీ కందిరీగ చావలేదు. చావదు మరి, ఆ నాబ్ రోలుకి ముందుంది. డిస్టార్షన్ పెడల్, అంటే కాలితో నొక్కే డబ్బా, దాని మీది టోన్ నాబ్ సాధారణంగా రోలు తర్వాతే ఉంటుంది గానీ అది మహా అయితే విసనకర్ర. చాలా పెడళ్ళలో అది హెర్ట్జ్ రెట్టింపైన కొద్దీ శబ్దాన్ని ఓ 6 డెసిబెల్స్ మెల్లగా దించుతుంది. స్పీకర్ కోన్ 5,000 దాటగానే గోడ మీంచి దూకినట్టు దిగిపోతుంది. పైగా కోన్ ఒక్క ముక్కగా కదలదు. కొన్ని స్వరాల దగ్గర ముడుతలు పడి, ముక్కలు ముక్కలుగా ఊగుతుంది. 2,000 నుంచి 4,000 మధ్య ఒక ఉబ్బు, దాని చుట్టూ బోలెడు చిన్న గుంటలు, మిట్టలు. మన చెవి గొట్టం కూడా 3,000 దగ్గర్లోనే ఎక్కువ స్పందిస్తుంది, గిటార్ జనంలోంచి దూసుకొచ్చేది అందుకే. ఇంటర్‌లో శృతిదండం కొట్టి, నీళ్ళ గొట్టం మీద పెట్టి అనునాదం ప్రయోగం చేయని సైన్సు విద్యార్థి లేడు. రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని మర్చిపోతాం. నీ చెవి కూడా అలాంటి గొట్టమేరా అని ఆ రోజే ఎవరైనా చెబితే ఎంత బాగుండేది! మాకు దొరికినవన్నీ ఊకదంపుడు పాఠాలు.

సరే, ఈ చేటను కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి? గోల్కొండ వెళ్ళిన వాళ్ళకి తెలుసు. ఫతే దర్వాజా కింద గైడ్ చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలా హిసార్ దగ్గర వినిపిస్తాయి. చప్పట్ల శబ్దం క్షణంలో అయిపోతుంది, అందులో లావు సన్నం స్వరాలన్నీ కలిసే ఉంటాయి. కొండ మీద మైక్ పెట్టి పట్టుకున్నది ఒట్టి చప్పట్లు కాదు, దారిలో ఉన్న కమానులూ గోడలూ ఆ చప్పట్లను ఏం చేశాయో అదంతా. గిటార్ స్పీకర్‌కీ అంతే. ఒక అతి చిన్న విద్యుత్ చప్పట్లు కొట్టి ఎదురుగా మైక్‌లో రికార్డు చేస్తారు. దీన్నే ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు, గిటార్ వాళ్ళ వాడుకలో ఐఆర్. ఫైలు తెరిస్తే ఏముంటుంది? ఓ 2,048 అంకెలు. చేట మొత్తం అందులోనే.

దాన్ని వాడే పద్ధతి పేరు కన్వల్యూషన్. పేరుకి బెదరక్కర్లేదు. సెకనుకి 48,000 శాంపిళ్ళుగా, అంటే తరంగం ఎత్తు కొలిచిన అంకెలుగా, మీ గిటార్ కంప్యూటర్‌లోకి వస్తుంది. ప్రతి శాంపిల్‌నీ ఒక బుల్లి చప్పట్లు అనుకోండి. దాని ఎత్తుకి తగ్గట్టు ఆ 2,048 అంకెలనీ పెంచో తగ్గించో పరిస్తే సుమారు 43 మిల్లీసెకన్ల తోక అవుతుంది. తర్వాతి శాంపిల్‌కి ఇంకో తోక, ఒక మెట్టు జరిపి. అన్నీ కూడితే స్పీకర్ శబ్దం. సెకనుకి దాదాపు 9.8 కోట్ల గుణకారాలు. తరంగాన్ని స్వరాలుగా విడగొట్టి లెక్కకట్టే ఫూరియే మార్గంలో వెళ్తే లెక్క బాగా తగ్గుతుంది గానీ, ఒక గంపెడు శాంపిళ్ళు పోగయ్యేదాకా ఆగాలి, ఆలోగా శబ్దం ఆలస్యమవుతుంది. తోకను ముందు చిన్న ముక్కలుగా, వెనక పెద్ద ముక్కలుగా కోసి ఆ ఆలస్యాన్ని తప్పించే ఉపాయాన్ని 1995లో విలియం గార్డ్‌నర్ ప్రచురించాడు. నాకు చాలా ఇష్టమైన పేపర్లలో అదొకటి.

ఒక మెలిక. చప్పట్లు రెండింతలు గట్టిగా కొడితే ప్రతిధ్వనీ రెండింతలవుతుంది, దాని తీరు మారదు. చేట స్వభావం అది. రోకలి అలా కాదు, దెబ్బ గట్టిదైతే పుట్టే ఊకే వేరు. అందుకే చప్పట్లతో స్పీకర్‌ను పట్టుకోవచ్చు గానీ దంచే ఆంప్ సర్క్యూట్‌ను పట్టుకోలేం. దానికి సర్క్యూట్ సమీకరణాలు రాయాలి, లేదా ఈ మధ్య చేస్తున్నట్టు న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పాలి.

కంప్యూటర్ లేని రోజుల్లోనే ఈ చేట అల్లినవాడున్నాడు. బోస్టన్ అనే అమెరికన్ రాక్ బృందం గిటారిస్టు టామ్ షోల్జ్ ఎంఐటీలో చదివిన ఇంజనీరు. 1982లో రాక్‌మన్ అనే డబ్బా తెచ్చాడు. నడుముకి తగిలించుకుని హెడ్‌ఫోన్ పెట్టుకోవడమే. దంచడం, స్పీకర్‌లా చెరగడం, కాస్త ప్రతిధ్వని, అన్నీ అనలాగ్ సర్క్యూట్లే. ఎనభైల రాక్ రికార్డింగుల్లో ఆ డబ్బా గొంతు చాలానే ఉంది.

మా వాడు మధ్యలో బంగారు పూత ప్లగ్గుల గురించి అడిగాడు. రాహుకాలం చూసి గిటార్ తీయడం లాంటిదే అది. బంగారం తుప్పు పట్టదు, అంతకుమించి స్వరానికి చేసేదేమీ లేదు. కేబుల్ పొడవు మాత్రం మూఢనమ్మకం కాదు. తీగ ఊపును విద్యుత్తుగా మార్చే పికప్ చుట్టలో 2.5 హెన్రీల ఇండక్టెన్స్ ఉండి, కేబుల్ కెపాసిటెన్స్ 500 పికోఫారడ్లయితే అవి రెండూ కలిసి 4,500 హెర్ట్జ్ దగ్గర ఉబ్బుతాయి. కేబుల్ పొడవు పెరిగితే కెపాసిటెన్స్ కూడా పెరిగి ఆ ఉబ్బు కిందికి దిగి గిటార్ మందకొడిగా పలుకుతుంది.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దేవద్దు. ఆలస్యం మామూలుగా 100 మిల్లీసెకన్ల పైమాటే. గాలిలో శబ్దం 1 మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే ఆంప్‌ను 34 మీటర్ల అవతల, వీధి చివర పెట్టి వాయిస్తున్నట్టు. వైరున్న హెడ్‌ఫోనే పెట్టుకోమన్నాను.

నా మాట విని వాడు ఒక ఉచిత ఐఆర్ దించుకున్నాడు. మొదట దాన్ని డిస్టార్షన్‌కి ముందు పెట్టాడు, మళ్ళీ కందిరీగ. వెనక పెట్టు నాయనా అన్నాను. పదినిమిషాల్లో ఫోన్. "పులి వచ్చింది మామయ్యా, కానీ పుర్రె మధ్యలో కూర్చుంది." గదిలోనైతే ఆంప్ శబ్దం రెండు చెవులకీ వెళ్తుంది, గోడల నుంచి తిరిగీ వస్తుంది. హెడ్‌ఫోన్‌లో గది లేదు. చిన్న గది రివర్బ్, అంటే గోడల ప్రతిధ్వని, కొంచెం, ఉందో లేదో అన్నంత వెయ్యమన్నాను. పులి నుదుటి ముందుకి జరిగింది. తక్కువ శబ్దంలో చెవికి బేస్ సరిగ్గా ఆనదు, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి బేస్ చాల్లేదని అర్ధరాత్రి పెంచిన సెట్టింగుతో స్టేజీ ఎక్కొద్దని కూడా చెప్పాను.

ఒక్కటి మాత్రం వాడికి ఇవ్వలేకపోయాను. పెద్ద ఆంప్ ముందు నిలబడితే స్పీకర్ కదిపిన గాలి వచ్చి తీగను మళ్ళీ ఊపుతుంది, స్వరం ఎంతసేపైనా అలా నిలబడిపోతుంది. హెడ్‌ఫోన్‌లో ఆ గాలి తీగదాకా రాదు. స్వరం మెల్లగా చచ్చిపోతుంది. దానికోసం ఓనర్‌గారు కుటుంబంతో తిరుపతి వెళ్ళే రోజు ఎప్పుడా అని కనుక్కుంటున్నాడు.