ఆటోవాడు బాబాయ్ ఎందుకయ్యాడు?

విజయవాడలో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ బయటికొచ్చి ఆటో పిలిచేవాళ్ళ మాట వినండి. "బాబాయ్, వన్ టౌన్ వస్తావా?", "అన్నా, ఎంత?" పళ్ళబండి దగ్గరికెళ్తే "పిన్నీ, డజను ఎంత?" ఊరూ పేరూ తెలియని వాళ్ళకు ఇన్ని చుట్టరికాలు అంటగడతాం. కానీ ఏ మగవాడూ తెలియని ఆడమనిషిని "మరదలా" అని పిలవడు. పిలిస్తే చెంప పగులుతుంది. ఆ దెబ్బ వెనకాల ఒక వ్యాకరణం ఉంది.

తెలుగు పిలుపులు చుట్టాలను రెండు గంపల్లోకి వేరుచేస్తాయి. నాన్న అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ళ పిల్లలు మనకు అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు. వాళ్ళను కన్న బాబాయి, పిన్ని కూడా ఈ గంపలోనే. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు మాత్రం బావ, బావమరిది, వదిన, మరదలు. మొదటి గంపలో పెళ్ళి మాటే రాదు. రెండో గంపలో అడగడం తప్పు కాదు. మేనత్త భర్త, మేనమామ, పిల్లనిచ్చిన మామ ముగ్గురినీ ఒకే మాటతో "మామయ్య" అనడం మాటల కరువు వల్ల కాదు, ఆ ముగ్గురూ ఒక్కరే అయ్యే వీలున్న సమాజం అది కాబట్టి. రోడ్డు మీద తెలియని వాళ్ళ కోసం మొదటి గంపలోంచే మాటలు తీస్తాం. బాబాయ్, పిన్ని, అక్క, చెల్లెమ్మ... వీటిలో పెళ్ళి వాసన ఉండదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. కుర్రాళ్ళు తమలో తాము "బావా", "మామా" అనుకోవడం వేరే సంగతి. వేళాకోళానికి హక్కున్న వరస అది, దాన్నే స్నేహానికి అరువు తెచ్చుకున్నారు.

ఇది రక్తం లెక్క అనుకుంటే పొరపాటు. జన్యుశాస్త్రం దృష్టిలో బాబాయి కూతురికీ మేనమామ కూతురికీ తేడా లేదు. ఇద్దరితోనూ మనం పంచుకునేది సగటున ఎనిమిదో వంతు జన్యువులే. ఒకరు చెల్లెలు, ఇంకొకరు మరదలు కావడం పూర్తిగా సంస్కృతి గీసిన గీత. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఇద్దరినీ నిషిద్ధ బంధుత్వంలోనే పెట్టింది. ఆచారం ఉన్నచోట మాత్రం మినహాయింపు ఇచ్చింది. మేనరికాలు ఆ సందులోంచే నడుస్తున్నాయి.

అమెరికా న్యాయవాది లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రపంచంలోని బంధుత్వ పదాల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో తమిళ, తెలుగు పదాల పక్కన న్యూయార్క్ ప్రాంతపు సెనెకా తెగ వాళ్ళ పదాలు పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. అక్కడా నాన్న అన్నదమ్ములు నాన్నలే, వాళ్ళ పిల్లలు తోబుట్టువులే. దీన్నిబట్టి అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి సాక్ష్యం దొరికిందనుకున్నాడు. పోలిక ఒక మెట్టు వరకే పనిచేస్తుందన్న సంగతిని మానవశాస్త్రవేత్త ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ 1964లో స్పష్టంగా విప్పి చూపాడు. నాన్నకు మేనత్త కొడుకు ఒకాయన ఉన్నాడనుకోండి. నాన్నకు బావ, కాబట్టి మనకు మామయ్య, ఆయన కూతురు మరదలో వదినో. అదే మనిషి సెనెకాలో "నాన్న" వరస, ఆయన కూతురు తోబుట్టువు. వాళ్ళు ఆయన నాన్న వైపు, నాన్న తరం మగవాడా కాదా అని మాత్రమే చూస్తారు. మనం నాన్న ఆయన్ను ఏమని పిలుస్తాడో అదీ చూస్తాం.

తెనాలిలో ఏ పెళ్ళి పందిట్లోనైనా ఈ లెక్క నోటితో జరిగిపోతుంది. తెలియని ఇద్దరు కలిస్తే ముందు "మీదే ఊరండీ?", తర్వాత ఇంటిపేరు. ఒకే కులంలో ఇంటిపేరు కూడా ఒకటైతే చాలావరకు అన్నదమ్ముల వరసే, లెక్క అక్కడితో ఆగుతుంది. లేకపోతే ఇద్దరికీ తెలిసిన మూడో మనిషిని పట్టుకుంటారు. "సుబ్బయ్యగారు మీకేమవుతారు?" నాకు బాబాయి, మీకూ బాబాయి అయితే మనం అన్నదమ్ములం. నాకు బాబాయి, మీకు మామయ్య అయితే బావలం. ఇద్దరికీ మామయ్యే అయితే? మళ్ళీ అన్నదమ్ములమే. బళ్ళో నేర్చిన గుణకారం లాంటిదే ఇదీ: రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం. ఎన్నడూ బడి మొహం చూడని ముసలమ్మ ఈ లెక్క క్షణంలో తేల్చేస్తుంది.

లెక్క చెడేచోట్లు ఉన్నాయి. మూడో మనిషి "తాతయ్య" అయితే పని జరగదు, ఎందుకంటే నాన్న తండ్రీ తాతే, అమ్మ తండ్రీ తాతే, గంపలు అక్కడ కలిసిపోతాయి. అప్పుడు ఒక తరం కిందికి దిగి "మీ నాన్నగారు ఆయన్నేమంటారు?" అని అడగాలి. ఇంకా చిక్కు అక్క కూతురిని చేసుకున్న ఇంట్లో వస్తుంది. వాళ్ళకు పుట్టిన బిడ్డకు తల్లి అన్న మేనమామ. కానీ అతనే తండ్రికి అక్క కొడుకు కూడా, అంటే మేనత్త కొడుకు, బావ! ఒకే మనిషి రెండు తరాల వరసల్లో నిలబడతాడు. ఇలాంటి ఇళ్ళలో శాస్త్రం ఏం చెప్పినా ముందు నోటికి అలవాటైన పిలుపే గెలుస్తుంది.

మాటే ఆచారాన్ని కట్టిపడేస్తుందని కూడా చెప్పలేం. గుంటూరులోనే ఉర్దూ మాట్లాడే ఇళ్ళు చూడండి. చాచా (బాబాయి), మామూ (మేనమామ), ఖాలా (పిన్ని), ఫుఫీ (మేనత్త) అని నలుగురికీ నాలుగు వేర్వేరు మాటలు. అయినా చాచా కూతురిని చేసుకోవడానికి అభ్యంతరం లేదు. పదాలు విడివిడిగా ఉన్నాయి గానీ గీత లేదు.

ఇప్పుడు "కజిన్", "అంకుల్" వచ్చి మన గీతను చెరిపేస్తున్నాయి. "కజిన్ పెళ్ళికి వెళ్తున్నా" అంటే ఆ కజిన్ అన్నా, బావా, పెద్దా, చిన్నా? ఏదీ తెలియదు. తెలుగులో వయసు చెప్పకుండా తోబుట్టువును పిలవడమే కష్టం. అన్నో తమ్ముడో తేల్చుకోవాలి. కజిన్ అనే పిల్లాడికి సుబ్బయ్య లెక్క పట్టుబడదు, కాకపోతే వాడికి ఆ లెక్కతో పని కూడా తగ్గిపోయింది.

పని మిగిలినచోటు ఆసుపత్రి. వంశపారంపర్య జబ్బుల కోసం కుటుంబ వృక్షం గీసేవాళ్ళు "అన్నయ్యకు ఉందా?" అని అడిగి, అవునంటే రాసేసుకుంటే తప్పులో కాలేసినట్టే. ఆ అన్నయ్య పెదనాన్న కొడుకు కావచ్చు. సొంత అన్నతో జన్యువులు సగం కలిస్తే, ఇతనితో ఎనిమిదో వంతే. "తోడబుట్టినవాడా?" అని అడగాలి. మామయ్య అన్నా అంతే, అమ్మ తోడబుట్టినవాడో, వేలు విడిచిన మేనమామో తేల్చాలి. దంపతులను "మీది మేనరికమా?" అని అడిగితే దూరపు వరసవాళ్ళు కాదంటారు. "పెళ్ళికి ముందే చుట్టాలా? మీ ఆయన్ను మీ అమ్మ అప్పట్లో ఏమని పిలిచేది?" అంటే జవాబు వస్తుంది. "తమ్ముడూ అనేది" అని ఆమె చెబితే, తోడబుట్టిన తమ్ముడా, వరసకు తమ్ముడా అన్నది తర్వాతి ప్రశ్న.