గద్ద పిల్లను తల్లి తోసేయలేదు, మీరు ఎత్తుకురాకండి

నేలమీద గద్ద పిల్ల కనిపిస్తే చాలు, అందరిదీ ఒకటే మాట: "ఎగరడం నేర్పడానికి తల్లి గూట్లోంచి తోసేసింది, పాపం, ఇక దానికి దిక్కులేదు." రెండూ తప్పే. తల్లి తోయదు, వీపు మీద మోయదు. పది పన్నెండు వారాలకు పిల్లే కొమ్మల మీదికి గెంతుతూ రెక్కలాడిస్తుంది. ఏ గాలి విసురుకో కిందికి జారుతుంది, వెంటనే పైకి లేవడం చేతకాదు. తల్లిదండ్రులు తిండి అక్కడికే తెచ్చిస్తాయి. చుట్టూ మనం మూగితే మాత్రం దిగవు. అప్పుడు "చూశారా, వదిలేశాయి" అంటాం!

జాలిపడడం తప్పు కాదు, ముందు పిల్లను సరిగ్గా చూడండి. ఒంటినిండా నూగే ఉన్నా, రెక్క వేలాడుతున్నా, నెత్తురు కనిపించినా, నిలబడలేకపోయినా సాయం కావాలి. ఈకలు నిండుగా వచ్చి, రెక్కలు రెండూ సమానంగా ముడుచుకుని, దగ్గరికెళ్తే నోరు తెరిచి బెదిరిస్తోందా? బాగానే ఉంది. కుక్కల్ని కట్టేయండి, జనాన్ని పంపేయండి, ఓ 100 మీటర్ల అవతల నుంచి గమనించండి. సైజు చూసి దెబ్బతిన్న పెద్ద గద్ద అనుకోకండి. ఉత్తర అమెరికాలో ఉండే తెల్లతల గద్దల్లో (బాల్డ్ ఈగిల్) ఈ వయసు పిల్ల ఒళ్లంతా గోధుమ రంగే, పైగా రెక్క, తోక ఈకలు పెద్దవాటి కంటే పొడుగు.

నిజంగానే గాయమైతే నోట్లో నీళ్లు పోయకండి. శ్వాసనాళం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, రొట్టె అసలే వద్దు. అందరూ ముక్కుకు భయపడతారు గానీ ప్రమాదమంతా కాలిగోళ్లతోనే. తల మీదుగా మందపాటి తువ్వాలు కప్పితే చీకటికి శాంతిస్తుంది. అప్పుడు రెండు కాళ్లూ గట్టిగా పట్టుకుని, గాలి కన్నాలున్న అట్టపెట్టెలో పెట్టి, వన్యప్రాణి వైద్యులకు అప్పగించండి. ఇనప జాలీ బోను వద్దు, ఈకలు విరిగిపోతాయి. విరిగిన ఈక రాలి కొత్తది వచ్చేదాకా వేట కష్టమే.

మనిషి వాసన తగిలితే తల్లి రాదన్నదీ అబద్ధమే. గద్ద బతికేది చూపు మీద.

పసిపిల్లల్ని ఎత్తుకుపోతాయా? నాలుగైదు కిలోల పక్షికి తన బరువులో సగం మోయడమే గగనం.

ఇక నలభై ఏళ్లకు కొండెక్కి, ముక్కు రాతికి కొట్టుకుని, ఈకలు పీక్కుని, ఐదు నెలలు ఆగి మళ్లీ పుట్టే గద్ద కథ. అదీ అబద్ధమే. ముక్కు పైన ఉన్నది మన గోరులాంటి తొడుగు. నిత్యం పెరుగుతుంటుంది, కొమ్మలకు రాసుకుని అరగదీసుకుంటుంది. అది ఊడిపోతే తిండే ఉండదు, ఐదు నెలలు ఆగేదెక్కడ? ఈకలూ కొన్ని కొన్నిగానే మారతాయి. అడవిలో బతికినవాటిలో రికార్డుకెక్కిన తెల్లతల గద్ద వయసు 38. 1977లో కాలికి వేసిన రింగు వల్ల తెలిసింది. 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో ఓ వాహనం ఢీకొని చనిపోయింది.