ఎయిర్ ఇండియా ఎవరిది, విమానాలు ఎవరివి: అపోహలు - వాస్తవాలు

మొన్న సంక్రాంతికి అత్తవారి ఊరు వెళ్తే, భోజనాలు కాకముందే ఒక పెద్దాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం జాగ్రత్తగా తీసి నా చేతికిచ్చారు. "అల్లుడుగారూ, మీరు విమానాల్లోనే కదా పనిచేసేది. మావాడికి ఎయిర్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. చేరే తేదీ మాత్రం రెండుసార్లు మార్చారు. ఒకసారి కనుక్కుంటారా?"

కాగితం తలపై సింహాల ముద్ర. పక్కనే ఎర్రటి హంస, దాని రెక్కలో కోణార్క చక్రం. సంస్థ 2023 ఆగస్టులో కొత్త గుర్తు ప్రకటించి పక్కన పెట్టేసిన బొమ్మ అది. కింద 'భారత ప్రభుత్వ సంస్థ' అని అచ్చు. అప్పటికే నాలుగు లక్షలు కట్టేశారట, సగం పొలం కుదువపెట్టి. ఆ అబ్బాయి తల ఎత్తలేదు.

విమానాల నిర్వహణ ఇంజనీరుగా ఇలాంటి కాగితాలు చూడటం నాకు ఇది ఐదోసారి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎయిర్ ఇండియా ప్రభుత్వానిది. పెద్దల సిఫారసు, కొంత డబ్బు ఉంటే పర్మినెంటు ఉద్యోగం.

వాస్తవం: కాదు. 2022 జనవరి 27 నుంచి కాదు. 1932లో జె.ఆర్.డి. టాటా మొదలుపెట్టిన సంస్థను 1953లో జాతీయం చేశారు. (మన బేగంపేట కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అప్పుడే దేశంలోపల తిరిగే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ విమానాల కబుర్లు చెప్పే పాతతరం మెకానిక్కులు నేను చేరినప్పుడు ఇంకా కనిపించేవారు.) 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాక అప్పులు కొండలా పెరిగాయి. 2018లో 76 శాతం వాటా అమ్మకానికి పెడితే ఒక్కరూ ముందుకు రాలేదు. 2021 ఆగస్టు చివరికి అప్పు 61,562 కోట్లు. ఆ అక్టోబరులో టాటాలు 18,000 కోట్లకు దక్కించుకున్నారు. అందులో ప్రభుత్వం చేతికి వచ్చిన నగదు 2,700 కోట్లే, మిగతా 15,300 కోట్లు టాటాలు నెత్తికెత్తుకున్న అప్పు. టాటాలు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలిసి నడిపిన విస్తారా 2024 నవంబరు 12న వచ్చి కలవడంతో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 25.1 శాతం వాటా దక్కింది. ప్రభుత్వ వాటా సున్నా. లేని ప్రభుత్వ కొలువుకు సిఫారసు ఎవరు చేస్తారు?

దళారులు ఆడుకునేది ఇంకొక చోట. అమ్మకంలో అన్నీ పోలేదు. నిర్వహణ పనులు చూసే ఏఐ ఇంజనీరింగ్ సర్వీసెస్, విమానాశ్రయాల్లో సామాను, ప్రయాణికుల పనులు చూసే ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్, ఏటీఆర్ అనే చిన్న విమానాలు నడిపే అలయన్స్ ఎయిర్ టాటాలకు వెళ్లలేదు. పేర్లలో పోలిక ఉంది కాబట్టి, వాటి నిజమైన ప్రకటననే చూపించి "ఇదిగో, ఎయిర్ ఇండియా ప్రభుత్వ ఉద్యోగం" అంటారు. ప్రకటన చివరిదాకా చదవండి. చాలావరకు నిర్ణీత కాలానికి కాంట్రాక్టు అనే ఉంటుంది. దరఖాస్తు రుసుము అడగవచ్చు కానీ లక్షలు ఎవరూ అడగరు. ఎవరైనా లక్షలు అడిగారంటే అది మోసమే. ఇందులో రెండో మాట లేదు.

ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరింగ్) కోర్సుల పేరుతో జరిగేదీ ఇదే. కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్టు లైసెన్సు కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే మాడ్యూల్ పరీక్షలు ఒక్కొక్కటీ పాసవ్వాలి, విమానం మీద పనిచేసిన అనుభవం లాగ్‌బుక్కులో చూపాలి. ఆ తరువాతే లైసెన్సు. ఉద్యోగానికి గ్యారంటీ ఇస్తామనే కాలేజీలో ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి.

పెద్దాయన నా ముందే దళారికి ఫోను చేశారు. స్విచాఫ్. "మోసపోయామని ఊళ్లో తెలిస్తే..." అన్నారు. తెలిస్తే తెలియనివ్వండి, ఇంకో ఇల్లు బతుకుతుంది అన్నాను. డబ్బు కొంత ఫోను ద్వారా పంపారని తెలిసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించాను, మర్నాడు పోలీసు స్టేషనుకు వెళ్లాం. డబ్బు ఇంకా రాలేదు.

అపోహ: ఎయిర్ ఇండియాకు 570 విమానాలు వచ్చాయి, ఉద్యోగాలే ఉద్యోగాలు.

అన్నీ వచ్చినవి కావు, ఆర్డరు చేసినవి. 2023లో 470, 2024 డిసెంబరులో మరో 100 ఎయిర్‌బస్‌లు. ఇవి ఏళ్ల తరబడి విడతలుగా చేరతాయి. ప్రపంచమంతా విడిభాగాలకు, సీట్లకు కూడా ఎదురుచూస్తోంది.

అపోహ: పాత విమానం ప్రమాదకరం.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలిన ఘోరం తరువాత నాకు ఫోన్లు ఆగలేదు. టికెట్టు రద్దు చేసుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ దర్యాప్తు ప్రాథమిక నివేదిక ప్రమాదానికి విమానం వయసును కారణంగా చెప్పలేదు. చిరిగిన సీటును, వెలగని తెరను చూసి ఇంజిను గురించి తీర్మానించకండి. సీటు బాగుచేయడానికి వాయిదా ఉంటుంది, ఇంజినులోని కీలక భాగాలకు ఉండదు. వాటితో ఎన్నిసార్లు ఎగరవచ్చో లెక్క ఉంటుంది. ఆ లెక్క నిండిన భాగం చూడటానికి కొత్తగా ఉన్నా తీసి పక్కన పెట్టేస్తాం. పెద్ద తనిఖీలో నేల పలకలు, సీట్లు, గోడలు విప్పి లోపలి అస్థిపంజరం దాకా వెళ్తాం. టార్చి, అద్దం పట్టుకుని ఒక్కో రివెట్టు చుట్టూ వెతుకుతాం. తుప్పు కనిపిస్తే దాన్ని సరిచేసేదాకా విమానాన్ని వదలం.

అపోహ: అద్దె విమానాలను సరిగా చూసుకోరు.

నిజానికి వాటి కాగితాల దగ్గరే మాకు నిద్ర ఉండదు. గడువు తీరి అప్పగించేటప్పుడు యజమాని మనుషులు వచ్చి ఒక్కో భాగం చరిత్ర అడుగుతారు, ఒక్క సంతకం లేకపోయినా ఒప్పుకోరు. లీజు పద్ధతి ప్రపంచమంతటా ఉన్నదే. ఈసారి విమానం ఎక్కేటప్పుడు ముందు తలుపు చట్రం వైపు చూడండి. కొన్నింటిలో అరచేయి అంత లోహపు పలక ఒకటి బిగించి ఉంటుంది. విమానం అసలు యజమాని పేరు దాని మీదే చెక్కి ఉంటుంది.