అపోహలు – వాస్తవాలు: పాత కారుకి ఏ మాస్టర్ సిలిండర్ వెయ్యాలి?

కోరాపుట్, జయపురం, సునాబెడా చుట్టుపక్కల పాత అంబాసిడర్లు, పద్మినిలు, జీపులు ఇంకా చాలా ఇళ్లలో తిరుగుతున్నాయి. ఇక్కడ ఎటు కదిలినా ఘాటీ తప్పదు. సాలూరు వెళ్లాలంటే సుంకి ఘాటీ దిగాలి, జయపురం వెళ్లాలంటే కోరాపుట్ నుంచి మరో ఘాటీ. అందుకే బ్రేకుల గురించి ఎవరు ఏం చెప్పినా జనం భయపడి నమ్మేస్తారు. అలా భయంతో వచ్చినవాళ్లని నేనెప్పుడూ తప్పుపట్టను. ఆ భయాన్ని చూసుకుని పనికిరాని సామాను అంటగట్టే మాటలు వింటేనే ఒళ్లు మండుతుంది. మాస్టర్ సిలిండర్ అంటే పెడల్ తొక్కగానే లోపలి పిస్టన్‌తో బ్రేక్ ఆయిల్‌ని గొట్టాల్లోంచి చక్రాల దాకా తోసేది. ఆ సిలిండర్ లోపలి వ్యాసమే బోర్.

అపోహ: బోర్ పెద్దదైతే బ్రేకు బలంగా పడుతుంది.

వాస్తవం: సరిగ్గా దీనికి వ్యతిరేకం జరుగుతుంది. పిస్టన్ వైశాల్యం పెరిగేకొద్దీ, అదే కాలి బలానికి లైన్లో, అంటే ఆయిల్ గొట్టాల్లో, ప్రెషర్ తగ్గుతుంది. కంటికి చిన్నగా కనిపించే తేడా కాలికి చాలా పెద్దది, ఎందుకంటే వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. 7/8 అంగుళం బోర్, అంటే 22.2 మిల్లీమీటర్లది, తీసేసి 25.4 మిల్లీమీటర్ల అంగుళం బోర్ వేశారనుకోండి. ఇదివరకు 30 కిలోల బలంతో తొక్కితే ఆగిన బండికి ఇప్పుడు 39 కిలోలు కావాలి. 3/4 అంగుళం తీసి అంగుళం వేస్తే 53 కిలోలు. కాలి బలానికి సాయంపట్టే బూస్టర్ లేని పాత బండిలో అదంతా మీ కాలే మోయాలి.

ఇంత తప్పు మాట ఎందుకు చావడం లేదో చెప్తాను. షెడ్డులో బండి నిలబెట్టి పెడల్ నొక్కి చూస్తే పెద్ద బోరే బాగున్నట్టు అనిపిస్తుంది. పెద్ద పిస్టన్ కొంచెం కదిలినా ఎక్కువ ఆయిల్ తోస్తుంది కాబట్టి పెడల్ పైనే గట్టిగా ఆగుతుంది. "చూడండి, ఎంత టైట్‌గా ఉందో" అంటారు. మనమూ సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేస్తాం. పెడల్ గట్టిగా ఉండడం వేరు, బండి ఆగడం వేరు. ఆ తేడా రోడ్డెక్కి, అదీ దిగుడులో ఉన్నప్పుడు తెలుస్తుంది.

సునాబెడాలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు వానల్లో తన అంబాసిడర్ తీసుకొచ్చారు. "బాబూ, కొత్త మాస్టర్ వేయించిన దగ్గర్నుంచీ ఘాటీలో రెండు కాళ్లూ పెట్టి తొక్కాల్సి వస్తోంది. నా మోకాళ్లలో పస అయిపోయిందేమో. బండి అమ్మేయమని మీ పిన్ని గోల" అన్నారు. ఎక్కడ వేయించారో నేనడగలేదు. అదృష్టం కొద్దీ పాత సిలిండర్ ఆయన డిక్కీలోనే గోనెసంచిలో చుట్టి ఉంచారు. కొత్తది విప్పి, పిస్టన్ బయటికి లాగి, కొలిచే వెర్నియర్ ఆయన చేతికే ఇచ్చాను. కళ్లజోడు పైకి నెట్టుకుని పాతదాంట్లో 22.2, కొత్తదాంట్లో 25.4 అని ఆయనే చదివారు. "మీ మోకాళ్లకేం కాలేదు మాస్టారూ" అంటే కాసేపు ఏం మాట్లాడలేదు. సరైన బోర్ తెప్పించి వేశాక సాలూరు దాకా ఒక్కరే నడుపుకుంటూ వెళ్లొచ్చారు.

అలాగని చిన్న బోర్ వేసి కూర్చోమనడం లేదు. మరీ చిన్నదైతే చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపలి బ్రేక్ షూలు పట్టుకునేలోపే పెడల్ ఫ్లోర్‌కి తగులుతుంది. కంపెనీ వాళ్లు చక్రాల దగ్గర షూలని తోసే వీల్ సిలిండర్ల కొలత, పెడల్ లివర్ నిష్పత్తి చూసుకునే బోర్ పెట్టారు. మీరు వాటిని మార్చకపోతే బోర్ కూడా మార్చకండి. ముందు చక్రాలకి డిస్కులు వేయించినవాళ్లది మాత్రం వేరే లెక్క. డిస్కుని ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్లు ఆయిల్ ఎక్కువ అడుగుతాయి. పైగా డ్రమ్ముల కోసం లైన్లో కొంచెం ప్రెషర్ నిలిపి ఉంచే వాల్వు పాత మాస్టర్‌లో ఉంటే, డిస్క్ ప్యాడ్లు వదలకుండా రాసుకుంటాయి. అప్పుడు బోర్, వాల్వు, బూస్టర్ అన్నీ కలిపి లెక్కేయాలి.

అపోహ: పెడల్ కిందికి పోతోందంటే మాస్టర్ పోయినట్టే.

వాస్తవం: ముందు డ్రమ్ముల్లో షూ అడ్జస్ట్‌మెంట్ చూడండి. రెండోసారి తొక్కితే పెడల్ పైకొచ్చి నిలబడుతోందంటే తేడా అక్కడే ఉంది, లేదా లైన్లో గాలి ఉంది. కాలు అలాగే నొక్కిపెట్టి ఉంచితే మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే అప్పుడు మాస్టర్‌ని అనుమానించండి.

అపోహ: మాస్టర్ లోపలి రబ్బరు కిట్ మారిస్తే చాలు.

వాస్తవం: లోపలి గోడ నున్నగా ఉంటేనే. గోరుకి గుంటలు తగిలితే కొత్త రబ్బరు కూడా కోసుకుపోతుంది. ఒరిజినల్ బాడీ దొరకని బండ్లకి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవ్, అంటే లోపలి తొడుగు, వేయించుకోవచ్చు. పని తెలిసినవాళ్లు వేస్తే అది చాలా మంచి దారి.

అపోహ: రెండు లైన్లకి విడివిడిగా ఆయిల్ తోసే టాండెమ్ మాస్టర్ వేస్తే బ్రేకు రెట్టింపు.

వాస్తవం: బలం పెరగదు. ఒక లైను పగిలినా రెండోది పనిచేస్తుంది, అంతే. సింగిల్ మాస్టర్‌లో ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ఘాటీల్లో తిరిగేవాళ్లు ఈ ఖర్చు పెట్టుకోవచ్చు, కానీ గొట్టాలు సరిగ్గా విడదీసి వేయించాలి.

అపోహ: బ్రేక్ ఆయిల్ ఏదైనా ఒకటే.

వాస్తవం: డాట్ 3, డాట్ 4 అని డబ్బా మీద రాసుండే రకాలు కలిసినా ఫర్వాలేదు. సిలికోన్‌తో చేసే డాట్ 5ని వాటిలో కలపొద్దు. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లు ఉబ్బిపోతాయి. మన వానలకి మూత తీసి ఉంచిన డబ్బా తేమ లాగేస్తుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరిగిపోవచ్చు. మరిగితే లైన్లో ఆవిరి చేరి బ్రేకు సరిగ్గా పట్టదు.

కొత్త మాస్టర్ బిగించేవాళ్లు పెడల్ నుంచి తోసే పుష్ రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య కొద్దిగా సందు ఉందో లేదో చూడాలి. సందు లేకపోతే ఆయిల్ వెనక్కి వెళ్లే రంధ్రం మూసుకుపోయి, బండి వేడెక్కేకొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఇక సామాను కోసం విశాఖ వెళ్తే ఫోన్లో ఫొటో చూపించి కొనకండి. బయటికి ఒకేలా కనిపించే బాడీలలో బోర్లు వేరుగా ఉంటాయి. పాత సిలిండర్ సంచిలో వేసుకెళ్లి, కౌంటర్ మీద పెట్టి, రెండూ కొలిపించండి.