దత్తత రోజున ఆగిపోయే చెక్కు

అమెరికాలో ఒక బిడ్డకు కన్నవాళ్ల దగ్గర క్షేమం లేదని కోర్టు తేలిస్తే, ఆ బిడ్డ బాధ్యతను రాష్ట్రం తీసుకుంటుంది. లైసెన్సు ఉన్న ఒక కుటుంబానికి అప్పగించి, పెంపకానికి నెలనెలా డబ్బిస్తుంది. వైద్యం ఖర్చు కూడా ప్రభుత్వానిదే. దీన్నే ఫాస్టర్ కేర్ అంటారు. ఇది తాత్కాలిక ఏర్పాటు. బిడ్డ తిరిగి సొంతింటికి చేరాలి. అది కుదరదని తేలితే ఎవరో ఒకరు దత్తత తీసుకోవాలి. చాలాసార్లు ఆ ఎవరో ఒకరు అప్పటికే ఆ బిడ్డను సాకుతున్న కుటుంబమే.

1960ల దాకా ఇక్కడే చిక్కు వచ్చేది. దత్తత ఉత్తర్వు మీద జడ్జి సంతకం పడగానే నెల డబ్బు ఆగిపోయేది, వైద్య సాయమూ పోయేది. బిడ్డా ఇల్లూ మారకపోయినా, మందుల ఖర్చు తగ్గకపోయినా అంతే. పరాయి బిడ్డగా ఉన్నంతకాలం ఆదుకున్న ప్రభుత్వం, "ఇక మా బిడ్డే" అనగానే తప్పుకునేది. చిన్న జీతాల మీద బతికే ఇళ్లలో దత్తత మాట వాయిదా పడటానికి ప్రేమ లేకపోవడం కారణం కాదు, ఈ లెక్కే కారణం.

ఆ రోజుల్లో వ్యవస్థ ఆలోచన కూడా వేరుగా ఉండేది. ఫాస్టర్ తల్లిదండ్రులంటే జీతం లాంటిది తీసుకుని పనిచేసేవాళ్లు, మమకారం పెంచుకోకూడదు. 1959లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఒక కేసు వచ్చింది. ఏడాది దాటిన పసిపాపను ఒక జంట ఏళ్ల తరబడి పెంచింది, దత్తత ఇవ్వమని అడిగింది. తల్లి పాపను వదులుకోలేదు. ఈ దంపతులు పాపను మరీ సొంతం చేసుకుంటున్నారని, అది తల్లీబిడ్డల బంధానికి అడ్డమని, పాపను వాళ్లకు అప్పగించిన శిశు సంక్షేమ ఏజెన్సీ వాదించింది. కోర్టు ఏజెన్సీ వైపే తీర్పిచ్చింది, పాపను ఆ ఇంటి నుంచి తీసుకెళ్లారు. కన్నతల్లి హక్కు చిన్నదేమీ కాదు. కానీ పెంచిన ప్రేమే నేరంలా కనిపించిన ఆ తీర్పు చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఫెడరల్ ప్రభుత్వ (అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ) డబ్బు ఫాస్టర్ కేర్‌లోకి రావడం వెనక ఇంకో కథ ఉంది. 1960లో లూసియానా రాష్ట్రం పేద తల్లులకు ఇచ్చే భృతి జాబితా నుంచి సుమారు 23,000 మంది పిల్లలను ఒక్కసారిగా తీసేసింది. పెళ్లి కాకుండా బిడ్డను కన్న తల్లి ఇల్లు "తగిన ఇల్లు" కాదన్నది సాకు. ఆ పిల్లల్లో అత్యధికులు నల్లజాతి వారు. దేశమంతా గొడవైంది. 1961 జనవరిలో అప్పటి ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ మంత్రి ఆర్థర్ ఫ్లెమింగ్ రాష్ట్రాలకు ఒక మాట స్పష్టం చేశారు. ఇల్లు బాగోలేదని సాయం ఆపేసి ఊరుకోవడం కుదరదు. ఆ ఇంటిని బాగు చేయాలి, లేదా బిడ్డకు వేరే చోటు చూపించాలి. ఆ వేరే చోటు ఖర్చులో వాటా ఇవ్వడానికి అదే ఏడాది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఒప్పుకుంది.

ఉద్దేశం మంచిదే. కానీ దానివల్ల రెండు ముడులు పడ్డాయి. ఒకటి, ఫెడరల్ డబ్బు బిడ్డను ఫాస్టర్ కేర్‌లో ఉంచడానికి వచ్చింది గానీ దత్తతకు రాలేదు. రెండోది, కన్నవాళ్లు ఆ భృతికి అర్హులైనంత పేదలైతేనే ఆ బిడ్డకు ఫెడరల్ వాటా వచ్చేది. మొదటి ముడి విప్పడానికి ఇరవై ఏళ్లు పట్టింది, రెండోదానికి, అదీ దత్తత సాయం వరకే, అరవై ఏళ్లు దాటింది.

మొదటి ముడి మీద ముందు చేయి వేసింది మళ్లీ న్యూయార్కే. ఆ తీర్పు వచ్చిన తొమ్మిదేళ్లకు, 1968లో, దత్తత తీసుకున్న కుటుంబానికి నెలనెలా సాయం ఇచ్చే చట్టం చేసింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. తర్వాత ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది. 1970ల చివరికి ఫాస్టర్ కేర్‌లో సుమారు అయిదు లక్షల మంది పిల్లలున్నారని లెక్క తేలింది. వారిలో చాలామంది ఇళ్లు మారుతూ పెరుగుతున్నవాళ్లే. కాలిఫోర్నియాకు చెందిన జార్జ్ మిల్లర్ ప్రతినిధుల సభలో, అలన్ క్రాన్‌స్టన్ సెనేట్‌లో పట్టుబట్టి తెచ్చిన బిల్లుపై 1980 జూన్ 17న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. దత్తత సాయంలో ఫెడరల్ ప్రభుత్వం వాటా భరించడం అప్పటి నుంచే మొదలైంది.

ఈ చట్టంలో "స్పెషల్ నీడ్స్" అన్న మాట ఉంది. అది వినగానే వైకల్యం ఉన్న పిల్లలనుకుంటాం, నేనూ మొదట అలాగే అనుకున్నాను. చట్టంలో దాని అర్థం చాలా విశాలం. వయసు ఎక్కువైన పిల్లలు, విడదీయకూడని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మైనారిటీ జాతుల పిల్లలు, జబ్బో వైకల్యమో ఉన్నవాళ్లు, అంటే సాయం లేకుండా ఇల్లు దొరకడం కష్టమయ్యే ఏ బిడ్డయినా ఇందులోకి రావచ్చు. ఎవరికి వర్తిస్తుందో రాష్ట్రం తేలుస్తుంది. నెల సాయం మాత్రం ఆ బిడ్డ ఫాస్టర్ కేర్‌లో ఉంటే ఇచ్చే మొత్తాన్ని మించకూడదు. వైద్యానికి మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య బీమా తోడుంటుంది. కోర్టు, లాయరు ఖర్చులకు ఒక్కో బిడ్డకు 2,000 డాలర్ల దాకా తిరిగి ఇచ్చే ఏర్పాటు 1986లో చేరింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. దత్తత తీసుకునేవాళ్ల ఆదాయం చూసి సాయం నిరాకరించకూడదు, ఎందుకంటే సాయం బిడ్డ అవసరం కోసం. 2005లో మిస్సోరీ రాష్ట్రం ఆదాయ పరిమితి పెట్టబోతే ఫెడరల్ కోర్టు అడ్డుకుంది.

రెండో ముడి మాత్రం బిగుసుకుంది. 1996లో బిల్ క్లింటన్ ప్రభుత్వం ఆ పాత భృతినే రద్దు చేసింది. భృతి పోయినా దాని ఆదాయ పరిమితి దత్తత సాయంలో ఉండిపోయింది. కన్నవాళ్ల పేదరికాన్ని 1996 జూలై 16 నాటి కొలతతో కొలవాలని నిబంధన. ఆ కొలత ధరలతో పాటు పెరగదు. పదేళ్లు గడిచేసరికి, నిజంగా పేదవాళ్లయిన కన్నవాళ్లు కూడా ఆ పాత అంకెల ప్రకారం పేదలు కాకుండా పోయారు. ఏటికేడు ఫెడరల్ వాటాకు అర్హులైన పిల్లలు తగ్గుతూ, భారం రాష్ట్రాల మీద పడింది. బిడ్డకు ఇప్పుడు కొత్త అమ్మానాన్న దొరికారు. ఆ బిడ్డకు దక్కే సాయాన్ని, వదిలి వచ్చిన ఇంటి పాత జీతం కాగితాలు తేల్చడం ఏం న్యాయం?

మరోవైపు క్లింటనే 1997 నవంబరు 19న సంతకం చేసిన చట్టం దత్తతలను వేగం చేసింది. గత 22 నెలల్లో 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో గడిపిన బిడ్డ విషయంలో, కొన్ని మినహాయింపులు తప్ప, కన్నవాళ్ల హక్కుల రద్దుకు రాష్ట్రం కోర్టుకు వెళ్లాలి. దత్తతలు పెంచిన రాష్ట్రాలకు అదనంగా జరిగిన ఒక్కో దత్తతకు 4,000 డాలర్ల బోనస్ పెట్టింది. దత్తతలు పెరిగాయి. పేద కన్నవాళ్లకు కోలుకునే సమయం ఇవ్వలేదన్న విమర్శా వచ్చింది, అందులో నిజం ఉంది.

2008లో జార్జ్ బుష్ సంతకం చేసిన చట్టంతో రెండో ముడి వదులవడం మొదలైంది. 2009 అక్టోబరు నుంచి 16 ఏళ్లు, ఆపైన వయసు పిల్లలకు ఆ పేదరికపు పరీక్ష తీసేశారు. ఏటా రెండేళ్ల చొప్పున వయసు తగ్గిస్తూ వచ్చారు. 2018లో రెండేళ్ల లోపు పసివాళ్ల వంతు వచ్చేసరికి కాంగ్రెస్ వాయిదా వేసింది. 2024 జూలైకి గానీ అది పూర్తిగా పోలేదు.

పన్ను రాయితీ వేరే దారి. 1997 నుంచి దత్తతకు క్రెడిట్ ఉంది, అంటే కట్టాల్సిన పన్నులోంచి కొంత తగ్గిస్తారు. ఫాస్టర్ కేర్ నుంచి స్పెషల్ నీడ్స్ బిడ్డను తెచ్చుకుంటే, పైసా ఖర్చు చూపకపోయినా పూర్తి మొత్తం కోరవచ్చు. కానీ కట్టే పన్నే తక్కువైతే ఆ క్రెడిట్ వల్ల ఏం లాభం? 2010, 2011 సంవత్సరాలకు నగదుగా తిరిగి ఇచ్చారు, తర్వాత ఆపేశారు. 2025 సంవత్సరానికి గరిష్ఠంగా 17,280 డాలర్లలో 5,000 దాకా మళ్లీ చేతికి వచ్చేలా మార్చారు.

మన దేశంలో కేంద్రం పిల్లల సంక్షేమ పథకం మిషన్ వాత్సల్య కింద ఫాస్టర్ కుటుంబానికి ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. రెండేళ్లు పెంచాక ఆ బిడ్డనే దత్తత కోరవచ్చని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. దత్తత తర్వాత ఆ ఇంటికి ఏ ఆసరా ఉండాలన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోని అధికారులు ఇప్పుడే ఆలోచించాల్సిన విషయం.

అమెరికాలో ఫాస్టర్ కేర్ నుంచి బిడ్డను తెచ్చుకోవాలనుకునే తెలుగు కుటుంబాలకు ఒక మాట. సాయం ఒప్పందం మీద సంతకాలు కోర్టు ఉత్తర్వు కంటే ముందే పూర్తి కావాలి. తర్వాత అడిగితే చాలా కష్టం. ఇప్పుడు డబ్బు అక్కర్లేదనుకునే తల్లిదండ్రులు కూడా చాలాచోట్ల నెలకు సున్నా డాలర్లని రాసి సంతకం చేస్తారు. రేపు బిడ్డకు జబ్బు బయటపడితే ఆ సున్నాను మార్చమని అడిగే వీలుంటుంది.