కూలెంట్ తగ్గితే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టేనా? పాత ట్రక్ ఇంజన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) తగ్గుతోంది, కింద చుక్క లేదు. గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైన హెడ్డుకూ మధ్య లీకు కాకుండా ఉండే పలక) పోయింది, హెడ్డు దింపాల్సిందే.

వాస్తవం: దింపాల్సి రావచ్చు, కానీ ముందు నీళ్లు ఎటు పోతున్నాయో తేల్చండి. బయటివైపు నీళ్లు తగిలే స్లీవులు (పిస్టన్ ఆడే గొట్టాలు) ఉన్న పాత డీజిల్ ఇంజన్లలో ఇంకో రెండు దొంగదారులున్నాయి: స్లీవు అడుగున ఉండే ఓ-రింగులు (రబ్బరు రింగులు), ఆయిల్‌ను నీళ్లతో చల్లబరిచే ఆయిల్ కూలర్. ఓ-రింగులు గట్టిపడితే నీళ్లు నేరుగా ఛాంబర్‌లోకే (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగుతాయి. బండిని రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకముందే ఛాంబర్ డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి. ఆయిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి, ఉంటే ముందు అవే వస్తాయి. వచ్చాయంటే ఇక సెల్ఫ్ కొట్టొద్దు, బేరింగులు పోతాయి. ఆయిల్ దించి, ఛాంబర్ విప్పి, రేడియేటర్‌కు ప్రెషర్ టెస్టర్ బిగించండి. మూత మీద రాసిన ప్రెషర్ దాటొద్దు. కింద పడుకుని లైటు వేసి చూస్తే ఏ స్లీవు అంచున తడి ఊరుతోందో కనబడుతుంది. కాస్త ఓపిక పట్టాలి, ఒక్కోసారి చుక్క కట్టడానికే చాలాసేపు పడుతుంది.

అపోహ: పాత ఇంజనే కదా, మామూలు నీళ్లు చాలు.

వాస్తవం: పిస్టన్ పక్కకు తట్టినప్పుడల్లా స్లీవు అదురుతుంది. దాని వెనక నీళ్లలో సన్నని బుడగలు పుట్టి, పగిలి, లోహాన్ని కొరుకుతాయి. స్లీవు తీసి చూస్తే బయటివైపు ఒకే పక్కన, సూదితో పొడిచినట్టు గుంటలుంటాయి. అవి బోరులోకి (స్లీవు లోపలికి) తెరుచుకున్నాక ఓ-రింగులు మార్చి లాభం లేదు, స్లీవే మార్చాలి. దీన్ని ఆపే రసాయనాలు హెవీ డ్యూటీ డీజిల్ కూలెంట్‌లో ఉంటాయి, కుళాయి నీళ్లలో ఉండవు. తుప్పు సంగతి సరేసరి.

అపోహ: వాటర్ పంపు కింద రంధ్రం కారుతుంటే ఎంసీల్‌తో మూసేయొచ్చు.

వాస్తవం: అది కారడానికే పెట్టిన రంధ్రం. లోపలి సీలు పోయిందని చెబుతోంది. మూస్తే ఆ నీళ్లు బేరింగులోకి పోతాయి. పంపు మీదే ఫ్యాన్ ఉన్న ఇంజన్‌లో బేరింగు లూజైతే ఫ్యాన్ వెళ్లి రేడియేటర్‌నే చీల్చుతుంది.

లీకు ఆపడానికి కూలెంట్‌లో కలిపే పౌడరా? రేడియేటర్ సన్నగొట్టాలను, హీటర్‌ను కూడా పూడ్చేస్తుంది. దారిలో ఆగిపోయినప్పుడు తప్ప నేను ముట్టను.

అపోహ: చల్లగా ఉన్నప్పుడే కారుతోంది, వేడెక్కితే ఆగుతోంది, పర్వాలేదు.

వాస్తవం: చల్లబడితే రబ్బరు, లోహం కుంచించుకుని క్లిప్పు పట్టు సడలుతుంది. వేడెక్కితే బిగుసుకుంటుంది, లేదా కారిన చుక్క కారినట్టే ఆవిరైపోతుంది. అందుకే హోసు క్లిప్పులు ఇంజన్ చల్లారాకే బిగించండి. రేడియేటర్ మూత తీసి దాని రబ్బరు, స్ప్రింగు చూసేదీ అప్పుడే.